యంత్రం చదవని కార్డులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎక్కడ చూసినా అట్టముక్కలే. కాజీపేట రైల్వే క్వార్టర్‌లో మాకున్నవి రెండు గదులు, వెనక చిన్న వాకిలి. ముందు గదిలో చాప పరిచి మా కొడుకు యాకయ్య వాటిని వరసలుగా పేర్చేవాడు. పోస్టుకార్డు కంటే పొడుగ్గా, లేత పసుపు రంగులో, ఒంటినిండా సన్నటి బెజ్జాలతో ఉండేవి. ఎగిరిపోతాయని ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. మే నెల. చెమటలు కారుతూ మేం నలుగురం ఆ కార్డుల చుట్టూ ఒదిగి నడిచేవాళ్లం.

నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉండేది. పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు. అంతకంటే నాకేం కావాలి?

అది డెబ్బై ఎనిమిది. హనుమకొండ కాలేజీల పిల్లలు చాలామంది సెలవులు రాగానే పల్లెలకు పోయేవాళ్లు. పాటలు పాడుకుంటూ, కూలీలతో మాట్లాడుకుంటూ ఊరూరూ తిరిగేవాళ్లు. సెలవులయ్యాక కొందరు వచ్చేవాళ్లు. కొందరు అటే ఏటూరునాగారం దాటి అడవిలోకి వెళ్లేవాళ్లు. యాకయ్య క్లాసు పిల్లవాడొకడు ముందటేడు అలాగే వెళ్లాడు. వాళ్లమ్మ నర్సంపేట నుంచి వచ్చి కాలేజీ గేటు పక్కన కూర్చుని, వచ్చిపోయే పిల్లలందరినీ అడిగేది. నేను ఆమెను కళ్లారా చూశాను. నా చిన్నప్పుడు, రజాకార్ల కాలంలో, మా అన్న బర్రెను వెతకడానికని పోయి ఈనాటికీ రాలేదు. అందుకే యాకయ్య గడప దాటితే నా చెవులు వాడి చెప్పుల చప్పుడు వెంట పోయేవి.

ఈ కార్డుల పని వాడికి కాలేజీ వాళ్లు చూపించిందే. యూరప్‌లో ఒక పెద్ద ప్రయోగశాల ఉందట. అణువు కంటే చిన్న కణాలను ఒకదానితో ఒకటి గుద్దించి ఫోటోలు తీస్తారట. ఆ ఫోటోల్లో గీతలను లెక్కగట్టడానికి ఒక ప్రోగ్రాం రాశారు. అది ఎవరి సొత్తూ కాదు. ఏ దేశంవాళ్లు అడిగినా ఇస్తారు. తప్పు దొరికితే దిద్ది తిరిగి పంపాలి, అంతే. ఆ దిద్దుబాటు నేర్పడానికి హైదరాబాదులో కొందరు పెద్దలు పూనుకుని, జిల్లా కాలేజీల నుంచి పిల్లలను ఎంచుకున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో పెద్దాయన. మావాడు ఎమ్మెస్సీ. వాడి పెద్దాయన పేరు వెంకట్రాజం. మార్చిలో ఒకసారి కాలేజీకి వచ్చి పని అప్పగించి పోయాడు. ఆ తర్వాత మాటలన్నీ కాగితాల మీదే.

పని బాగుంటే జూలైలో బొంబాయిలో పరిశోధనకు చేర్చుకుంటారని చెప్పాడు. బొంబాయి దూరమే. కానీ అక్కడికి రైలు పోతుంది. రైలు పోయే చోటికి పోయినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఆ రైల్లోనే వస్తాడని నా నమ్మకం. ఎండాకాలం గడిచి జూలై వస్తే చాలు, నా బిడ్డ గట్టెక్కినట్టేనని అనుకున్నాను.

ఈ కార్డుల బెజ్జాలను చదివి లెక్క చేసే యంత్రం హైదరాబాదులో ఉంది. కార్డులకు బెజ్జాలు కొట్టే మిషను మాత్రం హనుమకొండ కాలేజీలో ఉండేది. యాకయ్య అక్కడ కొట్టించుకొచ్చి ఇంట్లో వరస పెట్టేవాడు. ఆ కట్టను మా పక్క క్వార్టర్ ఇమాం పాషా పొద్దుటి ప్యాసింజర్లో తీసుకుపోయేవాడు. ఆయన గార్డు. సికింద్రాబాద్ స్టేషన్లో వెంకట్రాజం సారు మనిషి వచ్చి అందుకునేవాడు. కొన్నాళ్లకు కార్డులతో పాటు యంత్రం అచ్చువేసిన ఆకుపచ్చ చారల వెడల్పు కాగితాల దొంతర తిరిగి వచ్చేది. దాని మీద సారు పెన్సిలుతో రాసిన మాటలుండేవి.

మొదటిసారి కట్టను మా ఆయన మొండయ్య కట్టాడు. ఆయన లోకోషెడ్‌లో ఫిట్టర్. కాలు పెట్టి తొక్కి, కొబ్బరితాడు నాలుగు వైపులా బిగించి ముడేశాడు. తిరిగి వచ్చిన కాగితం మీద లెక్కలేం లేవు. యాకయ్య చదివి నెత్తి పట్టుకున్నాడు.

"ఏం రాసిండు?" అన్నాడు మొండయ్య.

"అంచులు వంగినయట బాపూ. మిషను మింగలేదట. ఇవి గడ్డిమోపులు కావు అని రాసిండు సారు."

"రైల్వేల ఏది కట్టినా గట్లనే కడతం. నడుమల ఊడి పడితే జవాబెవడు చెప్పాలె? మీ సారా?"

"ఓ మొండయ్యా," అని ఇమాం పాషా గుమ్మంలోంచి నవ్వాడు. "పిల్లను అత్తగారింటికి తోలినట్టు తోలాలె గని, దొంగను ఠాణాకు తోలినట్టు కడితివి. జర నాజూగ్గా కట్టరాదూ?"

అప్పటినుంచి పాత రగ్గు చుట్టి, రేకు పెట్టెలో పెట్టి పంపేవాళ్లం. కట్ట మీద ఏటవాలుగా సిరా గీత గీయడం మా భారతి పని. కార్డులు కిందపడి చెదిరినా, ఆ గీత కలిసేట్టు పేరిస్తే వరస కుదురుతుంది. భారతి ఇంటర్ పరీక్షలు రాసి, కుట్టుమిషను మీద మా బట్టలు కుడుతూ ఇంట్లో ఉంది. అన్న ఏం చేస్తే అది తనకూ కావాలి.

"ఇగో, పెట్టె బరువైంది యాకయ్యా," అనేవాడు ఇమాం పాషా ప్రతిసారీ. "లోపల ఏమున్నది, పెండ్లి పత్రికలా?"

"నీ పెండ్లియే చాచా. మళ్ల చేస్తానం."

"అరే, మెల్లగ! మీ చాచీ ఇంటది. మా దర్గా పేరు పెట్టుకున్నవు గని, నోటికి మాత్రం అడ్డం లేదు నీకు."

అన్నారం దర్గాకు మొక్కితే పుట్టినవాడని మేం వాడికి అక్కడి బాబా పేరు పెట్టుకున్నాం.

ఒకరోజు అన్నం ఉడుకుతుంటే వాడు నన్ను పిలిచి నేలమీద సుద్దతో గీత గీశాడు.

"అమ్మా, జర ఇటు చూడు. ఇది ఒక కణం. సీదా పోతాంది. పోతాంది, పోతాంది, ఇక్కడికొచ్చినంక వంగింది. ఎందుకు వంగింది చెప్పు?"

"ఎవలన్న నూకిన్రా?"

భారతి కిలకిలా నవ్వింది.

"ఎవలు నూకలే. దాంట్లకెల్లి ఇంకోటి విడిచిపోయింది. ఆ పోయినదానికి గీత పడది. ఫోటోల కనవడది. ఇది వంగింది గనక, ఒకటి పోయిందని మనకు తెలుస్తది."

"కనవడందాని కోసం గింత తిప్పలా?"

"గదే లెక్క. మన ప్రోగ్రాం ఏం చేస్తాందంటే, వంపు చిన్నగుంటే వంపే కాదనుకుంటాంది. ఏం పోలేదు, అంతా సీదా ఉన్నది అని రాసేస్తాంది. ఆ తప్పు దిద్దుడు నా పని."

నాకు ఆ విడిచిపోవడాల మాట నచ్చలేదు. అన్నం మాడుతుందని లేచి పోయాను.

వెంకట్రాజం సారు ఒకే ఒక్క విషయంలో వాడిని సతాయించేవాడు. కార్డుల మధ్య మధ్య వివరణ కార్డులు పెట్టమనేవాడు. అవేమిటో భారతి నాకు చెప్పింది. ఆ కార్డు మొదట్లో ఒక గుర్తు కొడితే యంత్రం దాన్ని చదవకుండా దాటిపోతుంది. అది మనుషుల కోసం. ఇక్కడ ఏం చేశాను, ఎందుకు చేశాను అని మామూలు మాటల్లో రాసి పెట్టాలి. యాకయ్య ఒక్కటి కూడా రాసేవాడు కాదు.

"మిషను సదవనిది రాసుడెందుకు?" అనేవాడు. "ఏది ఎక్కడున్నదో నాకు తెల్వదా?"

"నాకు తెల్వదు గదా," అనేది భారతి.

"నీకెందుకే?"

కాగితాలు వచ్చినప్పుడల్లా భారతి సారు రాతను చదివి తెలుగులో చెప్పేది. ఒకసారి ఇలా ఉంది: "ఈ ప్రోగ్రాం నీది కాదు, నాదీ కాదు. నీ తర్వాత వచ్చేవాడికి అర్థం కాకపోతే నువ్వు చేసిన పని సగమే. రేపు నువ్వు లేకపోతే ఎట్లా?"

"నేనెటు పోత?" అన్నాడు వాడు. "ఈ అట్టముక్కల నడుమనే సచ్చేటట్టున్న."

"సచ్చుడు మాటలు మాట్లాడకు," అన్నాను. కానీ 'నేనెటు పోత' అన్న మాట నా చెవికి తియ్యగా తగిలింది. ఆ రోజంతా దాన్నే తలుచుకున్నాను.

మే నెల చివరలో కట్టయ్య వచ్చాడు. వాడిది పరకాల దగ్గర ఊరు. యాకయ్యతో పాటు చదివేవాడు. సైకిల్ గోడకు ఆనించి, లోపలికి తొంగి చూసి, "ఏందిరా యాకూ, పత్తాలాడుతానవా?" అన్నాడు. నా వైపు తిరిగి, "అమ్మా, ఆకలైతాంది," అన్నాడు. ఎవరింట్లోనైనా అలా అడగగల పిల్లవాడు. వాడంటే నాకు భయం. అయినా కోపం మాత్రం రాలేదు. అన్నంలో మామిడి తొక్కు వేసి పెట్టాను. చాప అంచున కూర్చుని, కార్డులకు తగలకుండా కంచం ఒళ్లో పెట్టుకుని తిన్నాడు.

"ఈయేడు మనోళ్లు ములుగు దిక్కు పోతాన్రు. వస్తవా?" అన్నాడు.

నేను పొయ్యి దగ్గరినుంచే, "వానికి పనున్నది బిడ్డా. బొంబాయి పోవాలె," అన్నాను.

"బొంబాయా! మంచిదేనమ్మా. అయితే చెప్పురా, గీ కణాలు విడిపోతే కూలోనికి కూలి పెరుగుతదా?"

"పెరగది," అన్నాడు యాకయ్య. "గని ఒక మాట ఇను. ఇది ఎవని జాగీరు గాదు. ఎవడన్న తీసుకోవచ్చు, ఎవడన్న దిద్దొచ్చు. కూలోని కొడుకు గూడ దీని మీద చెయ్యి పెట్టొచ్చు. నాకు గది నచ్చింది."

కట్టయ్య ముద్ద నమిలి మింగాడు. "మంచి మాటే. మరి ఆ కూలోని కొడుకు బడికే పోతలేడు గదరా."

ఎగతాళిగా అనలేదు. ఏదో మరిచిపోయిన సామాను గుర్తుచేసినట్టు అన్నాడు. యాకయ్య చేతిలో ఉన్న కార్డును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున సంచీ భుజాన వేసుకున్నాడు.

"వారం తిరగకముందే వస్త అమ్మా. ఊళ్లు చూసొస్త."

"ఈ పనో?"

"వచ్చి చేస్త. భారతి చూసుకుంటది."

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, పక్కకు జరిపి, వెళ్లిపోయాడు. మొండయ్య డ్యూటీ నుంచి వచ్చి విని, "వయసు పిల్లగాడు, తిరగనియ్," అన్నాడు. ఆయన భయపడితే ఎప్పుడూ అలాగే తేలిగ్గా మాట్లాడేవాడు.

వాడు లేని ఆ రోజుల్లో ఒక కట్ట తిరిగి వచ్చింది. లెక్క తప్పింది. భారతి కాగితాలు నేలంతా పరిచి, బోర్లా పడుకుని, వేలు పెట్టి ఒక్కో వరస చూసింది. రెండు కార్డులు తారుమారయ్యాయని పట్టుకుంది. "అన్న రాంగనే చెప్తా, ముక్కు పగులుతది," అంది. దానికి ఆటగా ఉంది. నేను ప్రతి రైలు కూతకూ లేచి గుమ్మంలోకి పోయాను.

వాడు వచ్చాడు. చెప్పినట్టే వచ్చాడు. ఎండకు కమిలి, పాదాలు పగిలి ఉన్నాయి. ఏం చూశావంటే చెప్పలేదు. ఒక ఊళ్లో ఒక ముసలమ్మ తనకు గంజి పోసిందని, ఆమెకు ఇంకోపూటకు లేదని తర్వాత తెలిసిందని మాత్రం అన్నాడు. స్నానం చేసి, భారతి పట్టుకున్న తప్పు చూసి, దాని నెత్తి మీద మొట్టి, "నా కంటె నువ్వే నయమే," అని చాప మీద కూర్చున్నాడు. నాకు ఊపిరి వచ్చింది. పోయి చూసి వచ్చాడు, ఇక మనసు తీరింది అనుకున్నాను.

అప్పటినుంచి వాడు పని చేసిన తీరు నేనెప్పుడూ చూడలేదు. పొద్దున సైకిల్ మీద హనుమకొండ పోయేవాడు, కార్డులు కొట్టించుకుని ఎండ నెత్తి మీద ఉండగా వచ్చేవాడు. మధ్యాహ్నమంతా లేవకుండా రాసేవాడు. మృగశిర కార్తె వచ్చాక మంచి కబురు వచ్చింది. చిన్న వంపులు కూడా ఇప్పుడు ప్రోగ్రాం పట్టుకుంటోందట. సారు రాసిన దాన్ని భారతి రెండుసార్లు చదివింది. బొంబాయి వాళ్లకు చెప్పాననీ, జూలైలో యాకయ్యను తీసుకుని తానే వెళ్తాననీ రాశాడు. కింద మళ్లీ అదే: వివరణ కార్డులు ఏవి?

మొండయ్య షెడ్డంతా చెప్పుకొచ్చాడు. ఇమాం పాషా భార్య రహీమాబీ గిన్నెనిండా సేమ్యా పంపింది. నేను సర్వపిండి చేశాను. అది వాడికి ప్రాణం. పెనానికి అంటుకున్న మాడు చెక్క కోసం వాడూ చెల్లెలూ కొట్టుకున్నారు.

మర్నాటి నుంచి వాడు వివరణ కార్డులు రాయడం మొదలుపెట్టాడు.

"అన్న మారిండే అమ్మా," అంది భారతి. "వద్దన్న దినాలన్నీ వద్దన్నడు. ఇప్పుడు ఒక్కటిడుస్తలేడు."

నిజమే. ఒక్కో చోట ఏం చేశాడో, ఎందుకు చేశాడో, ముందు ఏ దారిలో పోయి తప్పాడో, ఇంకా ఏం మిగిలి ఉందో అంతా రాశాడు. రాసిందల్లా భారతికి చదివి వినిపించాడు. "సమజైందా?" అనేవాడు. అది తల ఊపితే ఒప్పుకునేవాడు కాదు. "తల ఊపుడు కాదు. నువ్వు నాకు చెప్పు," అనేవాడు. అది చెప్పేది. తప్పు చెప్తే విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు. చెల్లెలితో అంత ఓపికగా వాడు ఎన్నడూ మాట్లాడలేదు. నేను గోడకు ఆనుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ వాళ్లిద్దరినీ చూసేదాన్ని. నా పిల్లలు కలిసిమెలిసి ఉన్నారని మురిసిపోయాను. ఆ కొద్ది రోజులు నా జీవితంలో అన్నిటికంటే నిమ్మళమైన రోజులు.

కట్ట లావైంది. పాత పెట్టె చాలక ఇంకోటి తెచ్చారు. ఇమాం పాషా ఎత్తి చూసి, "ఈసారి పెండ్లి పత్రికలు కాదు, పిల్లే ఉన్నట్టుంది లోపల," అన్నాడు. యాకయ్య నవ్వాడు. ఎప్పటిలా మాటకు మాట అనలేదు. పెట్టెతో పాటు స్టేషన్ దాకా నడిచాడు.

ఆ మరుసటి పొద్దున నేను లేచేసరికి వాకిట్లో వాడి నులక మంచం నిలబెట్టి గోడకు ఆనించి ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. వాడు ఎన్నడూ దుప్పటి మడవడు. కాలేజీకి తొందరగా పోయాడనుకున్నాను. చారు పెట్టాను. మధ్యాహ్నం దాటింది. కంచం మీద కంచం బోర్లించాను.

భారతి పోయి వెతికి వచ్చింది. కాలేజీలో లేడు. కట్టయ్య గది ఖాళీ చేసి అప్పటికే చాలా రోజులైందట. మొండయ్య షెడ్డు నుంచి వచ్చి, బూట్లు విప్పి, నీళ్లు తాగి, మంచం వైపు చూశాడు. చీటీ ముక్క కూడా లేదు. వాడి చొక్కాలు రెండు తీగ మీదే ఉన్నాయి. సాయంత్రం మొదటి వాన పడింది. తీగ మీది బట్టలు తీయాలని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఏడుపు రాలేదు నాకు. ఇప్పటికీ అది చెప్తే ఎవరూ నమ్మరు. వండాను, తోమాను, నీళ్లు పట్టాను.

కొన్నాళ్లకు ఇమాం పాషా పెట్టె తెచ్చాడు. గడప లోపల పెట్టి పోయాడు. భారతి కాగితాలు విప్పింది. మొదటి పేజీ మీదే సారు రాసి ఉన్నాడు.

"సదువు," అన్నాను.

"వద్దమ్మా."

"సదువు."

"శభాష్ యాకయ్యా," అని చదివింది. గొంతు ఎత్తకుండా, దించకుండా చదివింది. "ఇప్పుడు పని పూర్తయింది. ఇక నువ్వు లేకపోయినా ఇది ఆగదు."

అప్పుడు నాకు తెలిసింది. ఆ వారమంతా వాడు నా కళ్ల ముందే వెళ్లిపోయాడు. ఒక్కో కార్డూ రాస్తూ, చెల్లెలికి ఒక్కో మాటా అప్పజెప్తూ వెళ్లిపోయాడు. నేను బియ్యం ఏరుతూ చూస్తూ కూర్చున్నాను.

పోలీసులు మామూలు బట్టల్లో వచ్చి వాడి స్నేహితుల పేర్లు అడిగారు. ఫోటో ఒకటి తీసుకుపోయారు. చాప మీది కార్డులు చూసి ఇవేమిటన్నారు. "లెక్కలు," అంది భారతి. ఒకతను ఒక కార్డు ఎత్తి, బెజ్జాల్లోంచి వెలుతురు వైపు చూసి, అక్కడే పెట్టేశాడు.

జూలైలో వెంకట్రాజం సారు వచ్చాడు. నేను ఊహించుకున్నంత పెద్దవాడు కాదు. నలభై దాటి ఉండవు. వానకు తడిసిన గొడుగు బయటే పెట్టి, కుర్చీ ఉన్నా మంచం అంచున కూర్చున్నాడు. యాకయ్య సంగతి కాలేజీలో విన్నాడట. చాయ్ తాగి కప్పు కింద పెట్టాడు.

"నేనే సతాయించి ఆ కార్డులు రాయించినమ్మా," అన్నాడు. "వస్తున్నయి గదా అని సంబురపడ్డ."

"మీరు రాయమనకపోయినా పోయేటోడే సారూ," అన్నాడు మొండయ్య. "రాయకుండ పోయేటోడు. అంతే."

సారు కాగితాలు తీసి ఏదో సందేహం అడిగాడు. ఎవరిని అడిగాడో తెలియదు, అలవాటుగా అడిగినట్టున్నాడు. భారతి జవాబు చెప్పింది. ఆయన తలెత్తి ఇంకోటి అడిగాడు. అదీ చెప్పింది. మూడోదానికి మాత్రం, "అది అన్నకు గూడ తెల్వలేదు సార్. మిగిలిపోయిందని రాసిండు," అంది. సారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఈ దిద్దుబాటు యూరప్‌కు పంపేటప్పుడు దిద్దినవాళ్ల పేరు పెట్టడం పద్ధతి అన్నాడు. పెట్టాలా వద్దా అని అడిగాడు. మొండయ్య కిటికీ వైపు చూశాడు. ఆయనది సర్కారు కొలువు, అడవికి పోయినవాడి పేరు బయట తిరిగితే దానికే ముప్పు. "వాడు చేసిన పనికి వాని పేరే ఉండాలె సారూ," అన్నాడు.

లేచేముందు సారు అసలు మాట చెప్పాడు. భారతి హైదరాబాదులో బీఎస్సీ చేరితే, హాస్టల్లో ఉండి, మిగిలిన పని తన దగ్గర నేర్చుకోవచ్చు. సీటుకు తాను మాట్లాడతానన్నాడు.

సారు వెళ్లాక మొండయ్య గోడకు చెప్పినట్టు చెప్పాడు. "ఒకడు సదివి పోయిండు. సాలు. పిల్ల ఎటు పోయేది లేదు."

భారతి ఆయనతో వాదించలేదు. మూడోనాడు నేను బట్టలు పిండుతుంటే వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నాకు పోవాల్నని ఉన్నది. పోనా?"

నేను దాని మొహం చూశాను. మా అన్న అడగలేదు. యాకయ్య అడగలేదు. నా ముందు కూర్చుని, నా కళ్లలోకి చూసి, పోనా అని అడిగిన మనిషి నా బతుకులో ఇదొక్కతే. వద్దంటే ఆగిపోయేది. అది నాకు తెలుసు. వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఉంచుకున్నాను.

"పో," అన్నాను. "మీ బాపుకు నేను చెప్త."

ఆయనకు చెప్పి ఒప్పించడానికి ఆ నెల గడిచింది. ఒకసారి ఆయన కంచం తోసేశాడు. ఇంకోసారి నేను తోసేశాను. చివరికి ఇమాం పాషా వచ్చి, "నా బండిల పోతది, నా బండిల వస్తది. నీ భయమేంది మొండయ్యా?" అన్నాక ఊరుకున్నాడు.

పోయే ముందురోజు భారతి పెట్టె సర్దుకుంటూ నాకు అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. కిరోసిన్ ఎప్పుడిస్తారు, ఎవరి దగ్గర చిల్లర సామాను మంచిది, ఇలా. నేను వింటూ ఉన్నాను. వినేకొద్దీ నాకు యాకయ్య అప్పజెప్పిన కార్డులే గుర్తొచ్చాయి.

"బాపు మందు గోలీలు తెల్లయి పొద్దుగాల, ఎర్రయి అన్నం తిన్నంక. యాదుంటదా?"

"ఉంటది."

"ఇగ కుట్టుమిషను. కింది దారం చిక్కుపడితే ఈ రేకు తియ్యాలె, తీసి ఇట్ల..."

"ఆగు," అన్నాను.

"ఏందే?"

"గోలీల సంగతి చెప్పినవు, సాలు. మిషను సంగతి చెప్పకు."

"మరి చిక్కుపడితే?"

"పడనియ్. నువ్వొచ్చి తియ్యి."

"నీ రవిక ఒక చెయ్యే కుట్టిన. రెండోది ఎట్ల కుట్టాల్నో చూపెడత, ఒక్క నిమిషమే..."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. "అంతా చెప్పి పోకు బిడ్డా," అన్నాను. "సగమే చెప్పు. మిగిలింది నీ దగ్గరే ఉంచుకో."

అది నన్ను చూసి, తీసిన రేకును మళ్లీ బిగించింది. రవికను మిషను మీదే, సూది కిందే వదిలిపెట్టింది. మర్నాడు పొద్దుటి ప్యాసింజర్‌కు వెళ్లిపోయింది.

యాకయ్య రాలేదు. ఏ కబురూ రాలేదు. మొండయ్య బతికున్నన్నాళ్లూ వాడి దారి చూశాడు, ఇప్పుడు నేనొక్కదాన్నే చూస్తున్నాను.

భారతి దసరాకు వచ్చింది. వచ్చిన సాయంత్రమే మిషను ముందు కూర్చుని నా రవికకు రెండో చెయ్యి కుట్టింది. మళ్లీ పోయేటప్పుడు ఇంకో గుడ్డ తెచ్చి దాని ముందు పెట్టాను. అది మారుమాట్లాడకుండా కత్తిరించి, ఒక చెయ్యి కుట్టి, లేచింది. ఆ తర్వాత అది హైదరాబాదు నుంచి బొంబాయి పోయింది, ఇంకా దూరాలూ పోయింది. ఇంట్లో మాత్రం నాకు ఎప్పుడూ ఒక రవిక సగం కుట్టి ఉంటుంది. ఇప్పుడు కూడా ఉంది.